చేతికి పట్టే కట్ట

కర్నూలు పాతబస్తీలో అంగడి నాది.
పంచాంగాలు, కర్పూరం, దిష్టి తాళ్లు,
ఈ మధ్య టారో కార్డుల కట్టలు కూడా.
ఏడు రకాలు తెప్పిస్తా.
అమ్ముతా గానీ
వాటి భాష నాకు రాదు.

మే నెల మిట్టమధ్యాహ్నం,
తారు చెప్పును పట్టుకుని వదలని ఎండ.
కల్లూరు నుంచి ఒక పిల్ల వచ్చింది, నర్సింగు రెండో ఏడు.
ఆధార్‌లో మద్దిలేటమ్మ, హాస్టల్లో మధు.
"అన్నా, కొత్తగా నేర్చుకునేటోళ్లకు ఏది మంచిది?"

అంచులకు బంగారు పూత ఉన్నది చూపించా.
ధర కూడా దానిదే ఎక్కువ.

మెట్టు మీద సుంకన్న కూర్చోనున్నాడు.
నలభై ఏండ్లు చిలక ముక్కుతో
ఊరి జాతకం లాగినోడు.
అటవీ శాఖోళ్లు చిలకను పట్టకపోయి మూడేండ్లు.
పంజరం మాత్రం పక్కనే ఉంటుంది,
అందులో బీడీకట్ట, బీపీ మాత్రలు.
చిలక అక్కర్లేని ముక్కలున్నాయంట గదా అని
వారం నుంచి నా అంగడి చుట్టూ తిరుగుతున్నాడు.

"అది వద్దు పాపా" అన్నాడు లేవకుండానే.
"తళుకు జారతాది.
కలిపేటప్పుడు నువ్వు ముక్కల్ని చూసుకోవాల్నా,
ఎదుట కూచున్న మనిషిని చూడాల్నా?"

తర్వాత లేచాడు. చెంబునీళ్లతో చేతులు కడిగి
పంచెకు తుడుచుకున్నాడు.
ఒక్కో కట్టనూ చెవి దగ్గర ఫరఫరలాడించాడు.
ఒకటి వాసన చూసి పక్కన పెట్టాడు, "పచ్చి సిరా."
ఒకదాంట్లో ఐదు గిన్నెలు. ఉత్త గిన్నెలే.
"ఇది నీకేం చెప్తాది? స్టీలు సామాన్ల అంగడి!"
ఇంకోదాంట్లో అవే ఐదు,
మూడు ఒలికిపోయినాయి,
నల్ల కంబళి కప్పుకున్నోడు తల వంచి వాటినే చూస్తాండాడు
వెనక రెండు నిండుగా ఉన్నాయని తెలీక.

పిల్ల చాలాసేపు చూసింది.
"మా నాయన" అంది,
"మిరపతోట పోయిన ఏడు."

"ఇదే తీసుకో.
నీకు మాట వచ్చేదాకా
బొమ్మే మాట్లాడాల."

లెక్కపెట్టమన్నాడు. డెబ్బై ఎనిమిది.
"చావు ముక్క ఉందా? ఉండాల.
తీసేసేటోళ్లు ఉంటారు. నేనూ తీసినోణ్ణే.
యముడి బొమ్మ వస్తే రూపాయి రాలదని
నా కట్టలోంచి లాగేసినా.
వరద ముందురోజు జోహరాపురం మనిషొకడు కూచున్నాడు.
చిలక బయటికొచ్చి, వరస పొడుగునా నడిచి,
ఏదీ ముట్టకుండా నిలబడింది
నేను తీసేసిన సందులో.
నేనే వేలితో ఎగదోసి లక్ష్మిని తీయించినా.
పది రూపాయలిచ్చి నవ్వుకుంటా పోయినాడు."

తర్వాత ఏమైందని పిల్ల అడగలేదు.
తుంగభద్ర వచ్చిపోయిన గీత
ఇప్పటికీ నా గోడ మీద ఉంది,
పంచాంగాల వెనక, నా తలకన్నా జానెడు పైన.

ఫోన్‌పే మోగింది. పిల్ల కట్టను బ్యాగులో కాదు,
చేతిలోనే పట్టుకుని ఆటో ఎక్కింది.

"మరి నీకేది సుంకన్నా?"

అద్దం మీద శాంపిల్ కట్ట ఉంది.
వచ్చినోళ్లంతా పిసికి పిసికి
మూలలు మెత్తబడ్డది, పైదాని మీద టీ మరక.
"ఇది."
"దాంట్లో ఒకటి లేదు. డెబ్బై ఏడే."
"పట్టుకున్నప్పుడే తెలిసింది."
"పాపకు నిండుగా ఉండాలంటివే!"
"పాపకు.
నాకు ఖాళీతో కాపురం పాతదే లేప్పా."

యాభై ఇచ్చాడు.
బీడీకట్ట పక్కకు జరిపి, పంజరంలో పెట్టి
తలుపుకు గడియ వేశాడు, అలవాటు కొద్దీ.

ఆ లేని ముక్క యాడుందో నాకు తెలుసు.
కర్పూరం తూచే కాటాకు ఒక కాలు పొట్టి.
ఉగాది రద్దీలో చేతికందిందాన్ని
నాలుగు మడతలు పెట్టి దాని కింద దూర్చింది నేనే.
ఏ బొమ్మో చూడలేదు.

చెబుదామని నోరు తెరిచేలోగా
ఎవరో వచ్చి యాభై గ్రాములు అడిగారు.
తూచా.
ముల్లు సరిగ్గా నడిమికి వచ్చి
నిలబడింది.